వైజాగ్ గోడలు, విగ్రహాలు చూడ్డానికి నాన్నతో నాలుగు రోజులు

మా నాన్న 30 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. రిటైరయ్యాక ఎక్కడికైనా వెళ్దామంటే గుళ్ళూ గోపురాలూ వద్దే, వైజాగ్ తీసుకెళ్ళు, అక్కడ గోడలకి బొమ్మలేశారంట, చూసొద్దాం అన్నారు. సరేనని శుక్రవారం రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కేశాం. ఆయన చేతిసంచిలో ఒక స్కెచ్ బుక్కు, రెండు పెన్సిళ్ళు, బీపీ మాత్రలు అంతే.

ముందు రూమ్ సంగతి చెప్పేస్తా. బీచ్ రోడ్డుకి దగ్గర్లో సముద్రం కనపడే రూమ్ అని ఆన్‌లైన్లో ఫొటోలు చూసి 2,600 కట్టాను, తీరా వెళ్తే కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ, లిఫ్ట్ కూడా పనిచేయట్లేదు, మోకాళ్ళ నొప్పులున్న మనిషితో మూడో ఫ్లోర్. ఒక్క రాత్రి ఉండి మర్నాడు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మామూలు లాడ్జికి మారిపోయాం, 1,400, శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్ళు టైముకొచ్చాయి, బస్సులన్నీ అక్కడే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు సీ వ్యూ కోసం ఆశపడకుండా కాంప్లెక్స్ దగ్గరే దిగండి, సముద్రం ఎలాగూ రోజూ చూస్తారు.

మొదటి సాయంత్రం ఆర్కే బీచ్. విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర నాన్న చాలాసేపు నిలబడిపోయారు. 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఈ ఊరి ఎదురుగా ఉన్న నీళ్ళలోనే కదా, అందుకని ఇక్కడి జనానికి అది ఎక్కడో జరిగిన యుద్ధం కాదు. డిసెంబర్ 4 నేవీ డే విన్యాసాలకి ఈ బీచ్ మొత్తం జనంతో నిండిపోయేది. ఆ పక్కనే ఐఎన్ఎస్ కురుసుర. 91 మీటర్ల సబ్‌మెరైన్, 2001 దాకా నేవీలో పనిచేసింది, 2002లో ఇసుక మీదికి చేర్చి మ్యూజియం చేశారు. లోపల చూపించేవాళ్ళు రిటైరైన నేవీ వాళ్ళు, మంచం ఎంత ఇరుగ్గా ఉండేదో, స్నానానికి నీళ్ళు ఎంత పొదుపో తాము పడ్డ కష్టంగా చెప్తారు. టికెట్టుకి తగ్గ విలువ ఉంది, సోమవారం మాత్రం సెలవు. నాన్నకి లోపలికంటే బయటే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఆ పెద్ద నల్ల సబ్‌మెరైన్ పక్కన మురీ మిక్చర్ అమ్మేవాళ్ళు, బుడగలవాళ్ళు, కాలేజీ పిల్లలు, నెలల పాపని ఎత్తుకొచ్చిన కుటుంబాలు, "సబ్‌మెరైన్ దగ్గరున్నా రా" అని ఫోన్లో చెప్పుకునేవాళ్ళు. ఒక వస్తువు ఊరికి గుర్తుగా మారడమంటే ఇదేనమ్మా అన్నారు.

బీచ్ రోడ్డు పొడుగునా విగ్రహాలు కూడా ఉన్నాయి, కవులవి, నాయకులవి. ఇక్కడ నాకూ నాన్నకీ కాస్త వాదన అయింది. ఇన్ని ఎందుకు, 2013లో సుప్రీంకోర్టే రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని చెప్పింది కదా అన్నాను. నాన్న ఒప్పుకుంటూనే మన గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహాలు చూడు అన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినాయన, చనిపోయి వందేళ్ళు దాటింది, ఇప్పటికీ పుట్టినరోజుకి రైతులు సొంతంగా దండలు కొనుక్కొచ్చి వేస్తారు. ఎవరు పెట్టారన్నది కాదు, తర్వాత ఎవరు చూసుకుంటున్నారన్నది చూడాలి అన్నది ఆయన లెక్క. మిగతా ట్రిప్పంతా ఆ లెక్కతోనే చూశాను.

శనివారం పొద్దున్నే మళ్ళీ బీచ్ రోడ్డు, ఈసారి గోడల కోసం. ఆ టైములో వాకర్ల కోసం బళ్ళు ఆపేస్తారు కాబట్టి రోడ్డు మధ్యలో నిలబడి హాయిగా చూడొచ్చు, ఇది వైజాగ్ చేసిన చాలా మంచి పని. గోడల మీద చేపలు, ఓడలు, గిరిజనుల థింసా డాన్సు, యోగా బొమ్మలు కనిపించాయి, బాగా వేసినవీ ఉన్నాయి. కానీ చాలాచోట్ల రంగు పొక్కులొచ్చి రాలిపోతోంది. నాన్న గోరుతో గీకి చూపించారు, కింద పాత సున్నం గీకకుండా, ప్రైమర్ కొట్టకుండా వేసేశారు, సముద్రం పక్కన గోడ తేమ పీల్చి ఉప్పు కక్కుతుంది, పైన ఎంత మంచి రంగేసినా నిలవదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను ఈ రోడ్డునంతా ఊడ్చేసింది, తర్వాత 2016 ఫిబ్రవరిలో నేవీ ఓడల ప్రదర్శన, అదే ఫ్లీట్ రివ్యూ కోసం మళ్ళీ ముస్తాబు చేశారు, అప్పట్నించీ ఏదో ఒక పెద్ద ప్రోగ్రాం వచ్చినప్పుడల్లా కొత్త రంగులు పడుతూనే ఉన్నాయి. ప్రోగ్రాం అయిపోయాక ఆ బొమ్మ ఎవరిది? నాకు నిజంగా బాధేసింది, ఎవరో పిల్లలు ఎండలో నిచ్చెనెక్కి వేసిన పని అది. మన ఇళ్ళ ముందు ముగ్గు రోజూ తొక్కుడికి చెరిగిపోతుంది, రోజూ ఎవరో ఒకరు వంగి మళ్ళీ వేస్తారు, అందుకే ఇన్నేళ్ళు నిలబడింది అని నాన్న అన్నది అక్కడే.

నడుచుకుంటూ జాలరిపేట వైపు వెళ్ళి, ఒక సందులోకి తిరిగాం. అక్కడ సామాన్లు పెట్టుకునే గది గోడ మీద తెప్ప, వల, నలుగురు మనుషులు. బొమ్మ గొప్పగా ఏం లేదు, చేతులు కాస్త వంకరగా ఉన్నాయి, కానీ రంగు చెక్కుచెదరలేదు. ఆ నీడలో కూర్చుని వల అల్లుకుంటున్న ఒకావిడ "ఏటి బాబూ అలా సూత్తన్నారు" అంది. ఇదెవరేశారమ్మా అంటే మా పిల్లలే, తెప్పలకి రంగేసినప్పుడు మిగిలింది ఉంటాది గదా, ఊడినకాడల్లా అదే పూసేత్తాం అంది. నాన్న మొహం వెలిగిపోయింది. పడవలకి వేసే ఎనామిల్ అది, ఉప్పునీళ్ళకి తట్టుకోడానికే చేసిన రంగు. ఆ గోడ మీద ఒక్క సినిమా పోస్టర్ లేదు, పక్కన చెత్త లేదు, మూత్రం వాసన లేదు. వేరేచోట్ల అది ఆపడానికి దేవుళ్ళ టైల్స్ అంటిస్తారు కదా, ఇక్కడ వాళ్ళ సొంత తెప్ప బొమ్మే ఆ పని చేస్తోంది. అరగంట కూర్చున్నాం, టీ కూడా తెప్పించారు, డబ్బులు తీసుకోలేదు.

మధ్యాహ్నం కైలాసగిరి వెళ్ళడం తప్పయింది, ఎండ మండిపోయింది, రోప్‌వే క్యూలో 40 నిమిషాలు. సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళండి. తెల్లటి శివపార్వతుల విగ్రహాలు మాత్రం జనానికి ఎంత ఇష్టమో చూడాలి, ఆ పచ్చిక మీద కారియర్లు విప్పుకుని పులిహోర తింటున్న కుటుంబాలు, అక్కడికి బస్సుల్లో వచ్చిన స్కూల్ పిల్లలు. అక్కణ్ణించి భీమిలి వైపు 900కె బస్సెక్కి తొట్లకొండ దగ్గర దిగాం. కొండెక్కడానికి ఆటో ఒప్పుకుంటే ఎక్కండి, లేకపోతే నీళ్ళు పట్టుకెళ్ళండి, పైన ఏమీ దొరకవు. రాయిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు, బౌద్ధ భిక్షువులు అందరికీ కలిపి తొలుచుకున్నవి. ప్రశాంతంగా ఉంది, సముద్రం కింద పరుచుకుని కనిపిస్తుంది.

ఆదివారం లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక. వైజాగ్ నుంచి 60 కిలోమీటర్లు దాటుతుంది, ఎలమంచిలి దాటాక హైవే వదిలి లోపలికి, వరాహ నది ఒడ్డున. బస్సులు మారడం కష్టమని కారు మాట్లాడుకున్నాం, రానుపోను 2,800, డ్రైవర్ చాలా మర్యాదస్తుడు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క పట్టించడం కళ్ళముందే చూశాం, రంగులు చెట్ల నుంచి, గింజల నుంచి తీసినవి. 2017లో ఇవి ఈ ఊరివే అని చెప్పే జీఐ గుర్తింపు, 2023లో ఇక్కడి బొమ్మల కళాకారుడు సి.వి. రాజు గారికి పద్మశ్రీ, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో రాష్ట్ర శకటమే ఏటికొప్పాక బొమ్మలతో వెళ్ళింది. ఢిల్లీ దాకా వెళ్ళిన ఆ గుండ్రటి బొమ్మలు వైజాగ్ పార్కుల్లో పిల్లలు ఎక్కి ఆడుకునే సైజులో ఎందుకు కనపడవు? ఏ ఊళ్ళో చూసినా ఉండే ఫైబర్ జింకలకంటే ఇవి మనవి కదా. కర్ర వానకి ఆగదు, ఆ ఆకారాలూ రంగులూ తీసుకుని సిమెంటులో చేయొచ్చు అని నాన్న అక్కడే బుక్కులో గీసి చూపించారు.

సోమవారం మధ్యాహ్నం రైలు. పొద్దున్నే లేచి చూస్తే నాన్న మంచం ఖాళీ, ఫోన్ చేస్తే ఎత్తలేదు, నాకు కంగారు మొదలైంది. పదిన్నరకి ఆటో దిగారు, చొక్కా చేతి అంచుకి నీలం రంగు. జాలరిపేట వెళ్ళారట, ఆ గోడ మీద మనుషుల చేతులు సరిచేస్తానని అడిగితే ఇద్దరివి సరిచేయనిచ్చారు, మూడోది మాత్రం "అది మా నాన్న సెయ్యి, వంకరగానే ఉండేది, ఒగ్గేయండి" అంది ఆవిడ. ఒగ్గేశాను అన్నారు, టిఫిన్ చేయలేదు ఇంకా, పద.