హిప్నోసిస్ మైక్ ‘స్టార్టర్ బాక్స్’ కొనేముందు ఇది చదవండి

హిప్నోసిస్ మైక్ అనే జపాన్ ర్యాప్ పాటల ప్రాజెక్టుని ఈమధ్యే వినడం మొదలుపెట్టినవాళ్ల కోసం ఈ హెచ్చరిక. ‘కొత్త ఫ్యాన్స్ కోసం స్టార్టర్ బాక్స్, నేరుగా జపాన్ నుంచి’ అని సోషల్ మీడియాలో ఒక పేజీవాళ్లు 6,500 రూపాయలకి ఒక పెట్టె అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. విజయవాడలో డిగ్రీ చదువుతున్న మా పిన్ని కూతురు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు దానికి పెట్టింది. ఈ పాటలు తనకి అలవాటు చేసింది నేనే కాబట్టి పెట్టె నా దగ్గరికి తెచ్చింది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూశాం. అందులో అసలైన వస్తువు ఒక్కటే ఉంది, అది కూడా మనకి పనికిరాదు.

మోసం ఎక్కడ జరుగుతోందో అర్థం కావాలంటే అసలు ఈ హిపుమై ఏంటో కొంచెం తెలియాలి. జపాన్ ఫ్యాన్స్ ముద్దుగా పిలిచే పేరు అదే. 2017లో కింగ్ రికార్డ్స్‌కి చెందిన ఈవిల్ లైన్ రికార్డ్స్ దీన్ని మొదలుపెట్టింది. అనిమే (జపాన్ యానిమేషన్) హిట్టయ్యాక పాటలు చేసిన రకం కాదు, ముందు వచ్చినవి పాటలే. మాంగా (జపాన్ బొమ్మల కథలు), స్టేజ్ నాటకాలు, మొబైల్ గేమ్, 2020లో అనిమే, అన్నీ ఆ తర్వాతివి. పాత్రలకి గొంతు ఇచ్చే నటులే ర్యాప్ కూడా చేస్తారు. కథ ప్రకారం మూడో ప్రపంచ యుద్ధం తర్వాత అధికారం ఆడవాళ్ల చేతికి వచ్చి ఆయుధాలన్నీ నిషేధిస్తారు. వాటి బదులు ఒక మైక్ వస్తుంది. అందులో ర్యాప్ చేస్తే ఆ దెబ్బ ఎదుటివాడి మెదడుకి తగులుతుంది. టోక్యోలోని చూఓ ప్రాంతం ఆడవాళ్లది, బయటి ప్రాంతాల కోసం మగవాళ్ల జట్లు ర్యాప్‌తో కొట్టుకుంటాయి. ఆడవాళ్ల ప్రభుత్వాన్ని మరీ పైపైన రాశారని నాకు మొదటినుంచీ అసంతృప్తి. పాటల దగ్గరికి వస్తే మాత్రం వంక పెట్టడానికి లేదు.

మొదట ఒక్కో ప్రాంతానికి ఒకటి చొప్పున నాలుగు జట్లు: ఇకెబుకురో, యోకోహామా, షిబుయా, షింజుకు. 2019లో ఒసాకా, నగోయా చేరాయి. జట్టుకి ముగ్గురు చొప్పున మొత్తం 18 మంది. ఇకెబుకురోలో యమదా అన్నదమ్ములు, యోకోహామాలో యాకుజావాడితో (జపాన్ మాఫియా మనిషితో) చేతులు కలిపిన పోలీసు, షింజుకులో డాక్టరు, ఆడ కస్టమర్లకి కబుర్లతో కాలక్షేపం ఇచ్చే హోస్ట్ క్లబ్బులో పనిచేసేవాడు, తప్పంతా నాదే అని గొణుక్కుంటూ తిరిగే ఆఫీసు ఉద్యోగి దొప్పో. మా చెల్లికి దొప్పో అంటే ప్రాణం. యమదాల్లో పెద్ద అన్న ఇచిరోకి గొంతు ఇచ్చే కిమురా సుబారు 2005 నుంచి జపనీస్ డోరేమాన్‌లో జియాన్‌కి కూడా గొంతు ఇస్తున్నాడు.

ఇక అసలు విషయం, ఓటు. ఈ జట్లలో ఎవరు గెలవాలో రచయితలు కాదు, ఫ్యాన్సే తేలుస్తారు. 2018లో మొదటి పోటీ జరిగినప్పుడు రెండు జట్లు తలపడే సీడీలు విడుదల చేసి, వాటిలో కోడ్ ఉన్న ఓటు చీటీలు పెట్టారు. నచ్చిన జట్టు కోసం ఒకే సీడీ నాలుగైదు కొన్నవాళ్లు ఉన్నారు. ఆ పోటీలో షింజుకు జట్టు మాటెన్రో గెలిచింది, తర్వాతి పోటీలో షిబుయా జట్టు ఫ్లింగ్ పాసీ. 2025 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైన సినిమాలో అయితే థియేటర్లో కూర్చున్న ప్రేక్షకులు ఫోన్లలో ఓటు వేస్తే కథ అటు తిరుగుతుంది. కొత్తగా వచ్చిన ఎవరికైనా ముందు ఆశ పుట్టేది ఈ ఓటు దగ్గరే. ఆ పేజీవాళ్లు పట్టుకున్నదీ సరిగ్గా దాన్నే. ‘బాక్సులో ఓటు కూపన్ ఉంది, మీ టీమ్‌ని మీరే గెలిపించండి’ అని పెద్ద అక్షరాలతో వేశారు. వచ్చింది 2018 నాటి సీడీ చీటీకి కలర్ జిరాక్స్. నిజం చీటీ దొరికినా లాభం లేదు, ఆ ఓటింగ్ ఎప్పుడో ముగిసిపోయింది. పాత సీడీలు అమ్మేవాళ్లెవరైనా ‘కోడ్ వాడలేదు’ అని ఎక్కువ ధర అడిగితే అదే జవాబు చెప్పండి.

సీడీలు మూడు వచ్చాయి. కవర్లు దూరం నుంచి బాగానే ఉన్నాయి. డిస్క్ తిప్పి చూస్తే అడుగు భాగం ఊదా రంగులో మెరిసింది. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన సీడీ అడుగున వెండి రంగులో ఉంటుంది, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో సన్నటి అక్షరాలతో ఐఎఫ్‌పీఐ కోడ్ (ఏ ఫ్యాక్టరీలో అచ్చు వేశారో చెప్పే గుర్తు) చెక్కి ఉంటుంది. ఊదా, నీలం, ఆకుపచ్చ ఛాయ ఉందంటే ఇంట్లో కంప్యూటర్లో రాసుకునే ఖాళీ డిస్క్ అన్నమాట. పైన లేబుల్ కూడా స్టిక్కరే, గోరుతో గీకితే అంచు లేచింది. జపాన్ సీడీకి పక్కన చుట్టి ఉండే సన్న కాగితం పట్టీ, ఓబీ అంటారు, మూడింటికీ లేదు. బార్‌కోడ్ కూడా చూడండి. జపాన్ సరుకుకి 45తో గానీ 49తో గానీ మొదలవుతుంది. వీటి మీద బార్‌కోడ్ ఉండాల్సిన చోట మసక మచ్చ ఉంది.

పెట్టెలోని పాత్రల బొమ్మల బ్యాడ్జీలు చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. యమదా అన్నదమ్ముల ముగ్గురి కళ్లూ రెండు రంగుల్లో ఉంటాయి. ముగ్గురికీ ఒక కన్ను ఆకుపచ్చ, రెండోది ఇచిరోకి ఎరుపు, జిరోకి పసుపు, సబురోకి నీలం. ఈ పెట్టెలో వచ్చిన ఇచిరోకి రెండు కళ్లూ ఎరుపే. ఎక్కడో నెట్‌లో దొరికిన చిన్న బొమ్మని సాగదీసి ప్రింట్ తీస్తే ఇలాగే చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఇంకో సంగతి, జపాన్‌లో ఈ బ్యాడ్జీలు ఎక్కువగా మూసిన కవర్లలో అమ్ముతారు, లోపల ఏ పాత్ర ఉందో విప్పేదాకా తెలియదు. కాబట్టి 18 మందిలో ఎవరు కావాలన్నా, ఎన్ని కావాలన్నా ఒకటే ధరకి కొత్తవి ఇస్తామన్నారంటే అనుమానించాల్సిందే. విప్పి విడిగా అమ్మే పాత సరుకుల దుకాణాల్లో డిమాండ్ ఉన్న పాత్రకి ధర ఎక్కువ ఉంటుంది.

అసలైన వస్తువు లైవ్ కచేరీ బ్లూరే. పాతదే కానీ నకిలీ కాదు. ప్లేయర్లో పెడితే రీజియన్ (ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే కోడ్) తప్పు అని వచ్చి ఆగిపోయింది. జపాన్ బ్లూరేలు రీజియన్ ఏ, మన దేశం రీజియన్ సి. డీవీడీల్లోనూ తేడా ఉంది, వాళ్లది 2, మనది 5. ఈ డిస్కులో ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ కూడా లేవు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి బ్లూరే వరకు ఇబ్బంది లేదు, వాళ్లదీ రీజియన్ ఏనే. ఇక్కడ కొనేవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పడం అమ్మేవాడి బాధ్యత.

‘నేరుగా జపాన్ నుంచి’ అన్న మాట కూడా అబద్ధమే. విదేశం నుంచి వచ్చే పార్సిల్ మీద లోపల ఏముంది, విలువ ఎంత అని రాసిన కస్టమ్స్ కాగితం అంటించి ఉండాలి. ఈ పెట్టె మీద మన లోకల్ కొరియర్ స్టిక్కర్ తప్ప ఇంకేమీ లేదు. అయినా కస్టమ్స్ ఖర్చు అని విడిగా 900 వసూలు చేశారు. మెసేజ్ పెడితే ‘ఇంపోర్టెడ్ ఐటమ్ అక్కా, రిటర్న్ ఉండదు’ అని జవాబిచ్చి మా చెల్లిని బ్లాక్ చేశారు.

ఈ పాటలు మొదలుపెట్టడానికి అసలు పైసా ఖర్చు అక్కర్లేదు. ఈవిల్ లైన్ రికార్డ్స్ సొంత యూట్యూబ్ ఛానల్లో మ్యూజిక్ వీడియోలు ఉన్నాయి. 2024లో మాష్లే అనిమే పాటకి మన పిల్లలు కూడా రీల్స్ చేశారు కదా, ఆ పాట పాడిన క్రీపీ నట్స్ ఇద్దరే ఒసాకా జట్టుకి మొదటి పాట రాసి ఇచ్చారు. వాళ్లలో ర్యాపర్ ఆర్-షితే సొంత ఊరు ఒసాకా పక్కనున్న సకాయ్. అందుకే ఆ యాస, ఆ హాస్యం పాటలో అంత సహజంగా పలుకుతాయి. నరుటో షిప్పూడెన్ అనిమే మొదటి ఓపెనింగ్ పాట గుర్తున్నవాళ్లు నగోయా జట్టు పాటతో మొదలుపెట్టండి, రెండూ చేసింది నోబడీనోస్ బృందమే, వాళ్లదీ నగోయానే. ఆ ఊరి పాట ఆ ఊరివాళ్ల చేతే రాయించడం ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన సంగతి. సీడీలు కొనాలనిపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: పాటలతో పాటు వాటిలో డ్రామా ట్రాకులు ఉంటాయి, అంతా జపనీస్ సంభాషణే. భాష రాకపోతే సగం సీడీ అర్థం కాదు.

ఇప్పటికే ఈ బాక్సుకి డబ్బు కట్టినవాళ్లు పెట్టె, కొరియర్ స్టిక్కర్ పారేయకండి. యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి మేము ఫిర్యాదు చేశాం. డబ్బు తీసుకుని పెట్టె కూడా పంపకపోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫోన్ చేయండి. ఆ పేజీ పేరు అప్పుడే ఒకసారి మారింది కానీ ఫోటో మాత్రం పాతదే వాడుతున్నారు: తెల్ల దుప్పటి మీద మూడు సీడీలు, పక్కన ఐదు బ్యాడ్జీలు, కింద ఎడమ మూలలో రెండు కళ్లూ ఎర్రగా ఉన్న ఇచిరో.