సింగపూర్‌కు చెన్నై మేలా, బెంగళూరు మేలా?

సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరకు వెళ్లబోయే తిరుపతి, చిత్తూరు వాళ్లు టికెట్టు తీసుకునే ముందు తరచుగా అడిగే ప్రశ్న ఇది. రేణిగుంట విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా ఉన్నా అక్కడి నుంచి విదేశాలకు రోజువారీ విమానాలు లేవు కనుక, పొరుగు రాష్ట్రాల వైపు చూడక తప్పదు.

ఆకాశమార్గంలో చెన్నై నుంచి సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి సుమారు 3,200. జెట్ విమానం గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది కనుక, ఈ తేడా ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. టైంటేబుల్‌లో చెన్నై నుంచి నాలుగు గంటల పైచిలుకు, బెంగళూరు నుంచి నాలుగున్నర గంటల పైచిలుకు కనిపిస్తుంది. రన్‌వే దాకా వెళ్లే సమయమూ, దిగాక ఆగే చోటికి చేరే సమయమూ అందులోనే కలిసి ఉంటాయి. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, టికెట్టు మీది వేళలను చూసి ప్రయాణం ఏడు గంటలని పెద్దవాళ్లు కంగారు పడనక్కరలేదు.

కాబట్టి ఇరవై నిమిషాల కోసం ఆలోచించడం అనవసరం. తేల్చుకోవలసింది నేల మీది ప్రయాణాన్ని. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందే చేరాలంటారు, గంట ముందు కౌంటర్లు మూసేస్తారు. అందువల్ల దారి ఎంత దూరమన్నదానికన్నా, అనుకున్న వేళకు చేరతామన్న నమ్మకం ఎంతన్నదే నా దృష్టిలో ముఖ్యం. ఈ విషయంలో తిరుపతి వాళ్లకు చెన్నైయే మేలని గట్టిగా చెబుతాను. సప్తగిరి వంటి రైళ్లు మూడు, మూడున్నర గంటల్లో చెన్నై సెంట్రల్‌కు చేరుస్తాయి. అక్కడే మెట్రో ఎక్కితే, నగరం రోడ్ల రద్దీతో నిమిత్తం లేకుండా, మారే పని కూడా లేకుండా విమానాశ్రయంలోనే దిగవచ్చు. రాత్రి విమానానికి పగటి రైలు పట్టుకుంటే, రైలు కొంత ఆలస్యమైనా గుండె దడ ఉండదు. పెద్ద పెట్టెలు నాలుగు ఉంటే మాత్రం కారే నయం. పుత్తూరు, తిరుత్తణి మీదుగా వెళ్లినా దూరం 150 కిలోమీటర్ల లోపే. బెంగళూరు విమానాశ్రయానికి తిరుపతి నుంచి రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది, అక్కడికి మెట్రో ఇంకా చేరలేదు.

చిత్తూరు నుంచి లెక్క ఇంత తేలిక కాదు. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వెళ్లి హోసకోటె దగ్గర దేవనహళ్లి వైపు తిరిగితే బెంగళూరు నగరంలోకి పోకుండానే విమానాశ్రయం చేరవచ్చు, ఇది నిజమైన సౌకర్యం. రాణిపేట, కాంచీపురం మీదుగా చెన్నైకి పోయే దారి కూడా దూరంలో పెద్ద తేడా లేనిదే గానీ, శ్రీపెరుంబుదూరు దాటాక వాహనాల ఒత్తిడి ఎక్కువ. పలమనేరు, పుంగనూరు వైపు వాళ్లయితే బెంగళూరుకే వెళ్లడం మంచిది. చిత్తూరు పట్టణం వాళ్లు టికెట్టు ధరను బట్టి ఎంచుకోవచ్చు.

రేణిగుంటలో ఎక్కి హైదరాబాద్‌లో మారే దారీ ఉంది. అయితే సింగపూర్ ఆగ్నేయాన ఉండగా ముందు ఉత్తరానికి నాలుగు వందల కిలోమీటర్లు పోవడం అవుతుంది. రోడ్డు ప్రయాణం బొత్తిగా పడని వాళ్లకు తప్ప అక్కరలేదు.

తిరుగు ప్రయాణంలో చెన్నైకి ఒక లోపం ఉంది. ఆంధ్ర వైపు బస్సులు బయలుదేరే మాధవరం నగరానికి ఉత్తరాన, విమానాశ్రయానికి చాలా దూరంలో ఉంటుంది. రాత్రి పొద్దుపోయి దిగే విమానమైతే మెట్రో కూడా అందకపోవచ్చు కనుక, ఇంటి నుంచి కారు పిలిపించుకోవడమో, పగలు దిగే విమానం చూసుకోవడమో టికెట్టు తీసేటప్పుడే నిర్ణయించుకోవాలి.