పోర్షే 911 కాన్ఫిగరేటర్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

అమెరికాలో అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమ్మింగ్‌లో మా కాపురం. ఈ మధ్యే పోర్షే వారి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు 911 కరేరా కూపేకు ఆర్డరు ఇచ్చాం. అది తెలిసిన దగ్గర నుంచి మిత్రులు "ఏ ఆప్షన్లు పెట్టించావు, ఏవి వదిలేశావు?" అని అడుగుతూనే ఉన్నారు. పోర్షే వెబ్‌సైటులో కారును మనమే కూర్చుకునే కాన్ఫిగరేటర్ గురించి అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

నేను చూసినవాటిలో ఇంత శ్రద్ధగా చేసిన సాధనం మరొకటి లేదు. రంగు మార్చినా, చక్రాలు మార్చినా బొమ్మ వెంటనే మారుతుంది, ధర కూడా అప్పటికప్పుడే పెరుగుతూ కనిపిస్తుంది. ఒక ఆప్షన్ ఎంచుకుంటే మరొకటి తప్పనిసరి అయినా, పొసగకపోయినా ఆ సంగతి అక్కడే చెబుతుంది. ఇష్టమైనట్టు కూర్చుకున్నాక దాన్ని భద్రపరిస్తే పోర్షే కోడ్ వస్తుంది. ఆ కోడ్ ఇస్తే డీలరు తన దగ్గర అదే కారును అదే వివరాలతో తెరుస్తాడు. మాటల్లో చెప్పి పొరపాట్లు పడే పని లేదు.

అయితే ఏది ముఖ్యమో, ఏది అలంకారమో అది చెప్పదు. సీటు బెల్టు రంగు, ముందు చక్రాల దగ్గర కారును పైకి లేపే యంత్రం, రెండూ ఒకే వరుసలో ఒకే తీరున కనిపిస్తాయి. మేము పెట్టుకున్న నియమం ఒక్కటే. ఫ్యాక్టరీలో తప్ప అమర్చలేనివాటికి ముందు డబ్బు, బయట వేయించుకోగలిగినవాటికి తర్వాత.

ఆ లెక్కలో మొదట నిలిచింది ఫ్రంట్ యాక్సిల్ లిఫ్ట్. ఉత్తర జార్జియాలో చాలా ఇళ్లకు రోడ్డు నుంచి గ్యారేజీ దాకా నిటారైన ఏటవాలు ఉంటుంది, మాదీ అంతే. 911 ముక్కు నేలకు దగ్గరగా ఉంటుంది. బటన్ నొక్కితే ముందు భాగం దాదాపు 40 మిల్లీమీటర్లు లేస్తుంది. ఆ చోటును జీపీఎస్ ద్వారా గుర్తుపెట్టుకోమంటే తర్వాత అక్కడికి వచ్చినప్పుడల్లా తనంతట తానే లేస్తుంది. ఇండియాలో స్పీడ్ బ్రేకర్ల మీద కారు నడిపేవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఒకే ఒక ఆప్షన్‌కు డబ్బు ఉందంటే నేను దీన్నే కోరుకుంటాను.

తర్వాత సీట్లు. ఇవి తెర మీద తేలే విషయం కాదు, కూర్చుని చూడాల్సిందే. అట్లాంటా విమానాశ్రయం పక్కనే పోర్షే అమెరికా ప్రధాన కార్యాలయం, దాన్ని ఆనుకుని 2015లో తెరిచిన ఎక్స్‌పీరియన్స్ సెంటర్ ఉన్నాయి. అక్కడి ట్రాక్ మీద డబ్బు కట్టి కారు నడపవచ్చు. 18 రకాలుగా సర్దుకునే స్పోర్ట్ సీటులో తొడల పక్కన, నడుము పక్కన ఉండే దిండ్లను విడివిడిగా బిగించుకోవచ్చు. మలుపులో ఒళ్లు పక్కకు జారకుండా ఆ దిండు పట్టుకోవడం నడిపితేనే తెలుస్తుంది. సీట్లకు గాలి ఆడే సౌకర్యం కూడా జతచేశాం. జూలైలో ఎండలో నిలిపిన కారు ఎక్కేవారెవరూ దీన్ని దుబారా అనరు.

వెనుక సీట్ల సంగతి తప్పకుండా గమనించండి. 2024 మేలో వచ్చిన మార్పులతో కరేరా కూపే మామూలుగా రెండు సీట్ల కారు అయింది. వెనుక సీట్లు కావాలంటే అదనపు ధర లేకుండానే ఇస్తారు, కానీ మనం ఎంచుకోవాలి. మా పాపకు పదేళ్లు, చిన్న ప్రయాణాలకు ఆ సీటు చక్కగా సరిపోతుంది. పిల్లలున్నవారు ఆర్డరు కాగితం మీద ఈ ఒక్క వరుసను మళ్లీ మళ్లీ చూసుకోవాలి.

రంగు దగ్గర చాలాకాలం ఆగాం. తెల్లరంగు, నల్లరంగు అదనపు ధర లేకుండా వస్తాయి. పెయింట్ టు శాంపిల్ కింద వందకు పైగా ప్రత్యేక రంగులున్నాయి, వాటి ధర చాలా ఎక్కువ. మా మనసు జెన్షియన్ బ్లూ మీద ఉండేది. షోరూములో దాని నమూనా రేకు చేతికిచ్చారు. దీపాల కింద చూసి మా ఆవిడ "ఏమండీ, ఇది నలుపే కదా" అంది. ఆ రేకునే బయటికి తీసుకెళ్లి ఎండలో కాస్త వంచి పట్టుకోగానే, వంపు అంచున నీలం భగ్గుమంది, లోపలి మడతలో మాత్రం నల్లగానే ఉంది. ఏ తెరా దీన్ని చూపించలేదు. మాకు నచ్చింది ఆ రెండు రూపాల రంగే. తోలు ముక్కలు కూడా అలాగే పగటి వెలుగులో చూడండి.

కారును మరింత చురుగ్గా నడిపించే స్పోర్ట్ క్రోనో ప్యాకేజీ తీసుకున్నాం. మామూలు కరేరా గంటకు 60 మైళ్ల వేగానికి 3.9 సెకన్లలో చేరితే, ఇది ఉంటే 3.7 సెకన్లు చాలు. ఉత్తర జార్జియాలోని డలోనెగా ఊరు దాటాక కొండదారుల్లో నడపడానికే ఈ కారు కొంటున్నాం, అందుకని ఉంచాం. సెరామిక్ బ్రేకులు వద్దనుకున్నాం. ఇనుప డిస్కులకంటే దాదాపు సగం తేలిక, ధూళి కూడా తక్కువే. కానీ ట్రాక్ మీద రోజంతా తిప్పేవారికి ఉన్నంత అవసరం మాకు లేదు, ధర చూస్తే మంచి వాడిన కారు ఒకటి వస్తుంది. మాట్రిక్స్ ఎల్‌ఈడీ ముందు దీపాలు ఇప్పుడు కారుతోపాటే వస్తాయి కనుక ఆ ఖర్చు మిగిలింది. చక్రాల మధ్య రంగు ముద్ర, పొగగొట్టాల రంగు, తాళం చెవికి తోలు తొడుగు వంటివి అన్నీ వదిలేశాం, ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

2025 మోడల్ కరేరా ప్రకటించినప్పటి ప్రారంభ ధర 1,20,100 డాలర్లు, రవాణా ఖర్చు వేరు. డీలరు తన వంతుగా పైన అదనంగా అడిగితే వెంటనే ఒప్పుకోకండి. నేను వెళ్లిన ఒక డీలరు, మాకు అక్కరలేని ఆప్షన్లతో నిండిన కారు చూపించి, దాని మీద మరికొంత అదనంగా అడిగాడు. అక్కడి నుంచి లేచి వచ్చేశాం. రెండో డీలరు కోడ్ తీసుకుని, ఒక్కో వరుసా మాతో కలిసి చదివాడు. ఆర్డరులో మార్పులు చేసుకోవడానికి చివరి తేదీ ఏదో కాగితం మీద రాసిచ్చాడు. ఆ తేదీ దాటితే జర్మనీలోని జుఫెన్‌హౌజెన్ ఫ్యాక్టరీలో మన కారు వంతు ఖరారవుతుంది, ఆపై ఏదీ మారదు. కనుక ఆ తేదీ, ముందుగా కట్టే సొమ్ము తిరిగి ఇస్తారా లేదా అన్నది, ఈ రెండూ రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం పెట్టండి.