కొండ ఇంటి వసంతానికి 8×42 బైనాక్యులర్: పనితనం, పేచీలు

మోడు కొమ్మ మీద మొగ్గ ఉబ్బడం మొదలైన నాటి నుంచి ఆకు కమ్మేసే దాకా రెండు మూడు వారాలు. కొండ మీది ఇంట్లో బైనాక్యులర్‌కు అసలు పని ఆ కాస్త గడువులోనే. మొగ్గ పొలుసులు విచ్చుకోవడం, పిట్ట ముక్కున పుల్ల కరుచుకుని ఒకే తొర్రలోకి పదే పదే దూరడం, తేనెటీగలు మొదటి పూల మీద వాలడం, అన్నీ అడ్డం లేకుండా కనిపిస్తాయి. ఆకు ముదిరితే అదే చెట్టు పచ్చటి గోడ. అంగట్లో దొరికే రకాల్లో ఈ పనికి సరిగ్గా కుదిరేది 8×42. దాని గొప్పలతో పాటు తలనొప్పులూ ఉన్నాయి.

8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించడం, 42 అంటే ముందు కటకం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25. కంటి వైపు వచ్చే వెలుగు చుక్క అంత వెడల్పు ఉంటుంది. 10×42లో అది 4.2, జేబులో పట్టే 8×25లో 3.1. పట్టపగలు కంటిపాప 2 నుంచి 3 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కనుక మూడింటి వెలుతురులో పెద్ద తేడా తెలియదు. మసక వెలుతురులో, జింకలు అడవి అంచుకు దిగే వేళకు, పాప విప్పారుతుంది. అప్పుడు 8×25లో బొమ్మ మసకబారిపోతుంది. వయసు మళ్ళినవారి పాప అంతగా విప్పారదు, వాళ్ళకి ఈ లాభం కొంత తగ్గుతుంది. అయినా చుక్క పెద్దదైతే చెయ్యి కాస్త జరిగినా బొమ్మ చీకటి పడదు, అది ఏ వయసుకైనా సుఖమే.

మరి 10× తీసుకుంటే? చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. ఏటవాలు దారి ఎక్కి ఆయాసం మీద పట్టుకుంటే పిట్ట కన్నా గుండె దడే ఎక్కువ కనిపిస్తుంది. చూపు వెడల్పూ తగ్గుతుంది: మంచి 8×లో 8 డిగ్రీలు, అంటే 1000 మీటర్ల దూరంలో 140 మీటర్ల మేర ఒక్క చూపులో వస్తుంది. 10×లో సాధారణంగా 110 దగ్గరే ఆగుతుంది. కొమ్మ నుంచి కొమ్మకు దూకే చిన్న పిట్టను వెతికి పట్టుకోవడంలో ఈ 30 మీటర్లే తేల్చేస్తాయి. స్టాండ్ మీద పెట్టి ఎదుటి కొండను చూసేవారికి మాత్రం 10× బాగుంటుంది. జూమ్ బైనాక్యులర్ జోలికి పోవద్దు. చూపు ఇరుకు, అంచులు మసక.

8× చూపు వెడల్పు ఇంకో పనికీ వస్తుంది. ఇల్లు కొండ నడుమన ఉంటే వసంతం పైకెక్కడం చూడొచ్చు. చిగురు లోయలో ముందు, పైన ఆలస్యం. అమెరికన్ కీటక శాస్త్రజ్ఞుడు ఆండ్రూ హాప్కిన్స్ 1918లో ఉత్తర అమెరికా కోసం వేసిన లెక్కలో ప్రతి 400 అడుగుల ఎత్తుకు దాదాపు 4 రోజుల ఆలస్యం. వారానికోసారి ఒకేచోట నిలబడి పచ్చటి గీత ఎక్కడిదాకా వచ్చిందో చూస్తే మీ కొండ లెక్క మీకే తేలుతుంది.

పెట్టె మీద చాలామంది చదవని అంకె ఒకటుంది: ఎంత దగ్గరి వస్తువుకు ఫోకస్ అవుతుందన్నది. అది 2 మీటర్లకు మించకపోతే అరుగు మీద కూర్చుని పూల మీది సీతాకోకచిలుక రెక్కల పొలుసు రంగులు చూడొచ్చు. 4 మీటర్లు దాటితే ఆ పనికి దండగ. కళ్ళజోడు ఉన్నవారు ఐ రిలీఫ్, అంటే బొమ్మ మొత్తం కనిపిస్తూ కన్ను కటకానికి ఎంత దూరంలో ఉండొచ్చన్నది, 16 మిల్లీమీటర్లకు తక్కువ లేకుండా చూసుకోవాలి, కళ్ళకు ఆనే ఐ కప్పులు పూర్తిగా కిందికి తిప్పి వాడాలి. లేకపోతే బొమ్మ చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది.

ఇక అసలు పేచీ, తేమ. కొండ ఇంట్లో తెల్లవారుజాము చలి, లోపల పొయ్యి వెచ్చదనం. బయటి నుంచి లోపలికి తేగానే అద్దాలు ఆవిరి పడతాయి. నత్రజని నింపి సీలు వేసిన రకమైతే ఆవిరి పైపైనే ఉండి కాసేపట్లో ఆరిపోతుంది. సీలు లేనిదైతే లోపలే పట్టి, రోజులు గడిస్తే బూజు పాకుతుంది, బూజు కటకం పూతను తినేస్తుంది. తోలు సంచి తేమ పీలుస్తుంది, అందులో దాచకండి. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారితే ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు.

కిటికీలోంచి చూస్తే బొమ్మ వణుకుతోందని వస్తువును తిట్టుకోకండి. తెరిచిన కిటికీలో గది వేడి గాలి, బయటి చల్లగాలి కలిసి అలలు లేస్తాయి. మూసిన అద్దమేమో బొమ్మను వంకర చేస్తుంది. అరుగు మీదికి వచ్చి నిలబడటమే మందు. పొద్దెక్కి వాలు వేడెక్కాక దూరపు కొండ కదలాడుతుంది. దానికి ఎంత ఖరీదైన కటకమైనా విరుగుడు కాదు.

కొనేముందు మూడు పరీక్షలు చాలు. చెయ్యి చాచి పట్టుకుని తెల్లటి గోడ వైపు చూపండి, కంటి వైపు చుక్కలు గుండ్రంగా ఉండాలి. అంచులు చెక్కేసినట్టు పలకలుగా ఉంటే లోపల వెలుగును మళ్ళించే గాజు దిమ్మ, ప్రిజం, నాసిరకం. తర్వాత దూరపు కరెంటు తీగనో ఇంటి కప్పు అంచునో చూస్తూ బైనాక్యులర్‌ను కళ్ళ నుంచి మెల్లగా దూరం జరపండి. రెండు గొట్టాల్లో గీత ఒకే ఎత్తున లేకపోతే అమరిక తప్పినట్టే, అది అరగంటలో తలనొప్పి తెస్తుంది. చివరగా నడిమి ఫోకస్ చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూడండి. మధ్యలో వదులుగా ఆడకూడదు. చలికి లోపలి గ్రీజు బిగుసుకుంటుంది, దుకాణంలోనే బిరుసుగా ఉన్న చక్రం కొండ మీద ఉదయాన్నే మొరాయిస్తుంది.

కొన్నాక మొదటి పని డయాప్టర్, అంటే రెండు కళ్ళ చూపులో తేడాను సర్దే అమరిక, సరిచేయడం. కుడి ముందు కటకం మూసి, ఎడమ కంటితో నడిమి చక్రం తిప్పి ఒక కొమ్మను తేటగా తెచ్చుకోండి. ఎడమది మూసి, నడిమి చక్రం ముట్టకుండా డయాప్టర్ వలయంతో, చాలా వాటిలో కుడి కంటి దగ్గరే ఉంటుంది, అదే కొమ్మను తేటపరచండి. ఆ గుర్తు గుర్తుంచుకోండి, పిల్లలు ఇట్టే తిప్పేస్తారు.

వసంతంలో పుప్పొడి అద్దాలకు పట్టేస్తుంది. చొక్కా చెంగుతో తుడిస్తే దాంట్లోని ఇసుక రేణువు గీత పెడుతుంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊదాలి, మెత్తటి కుంచెతో దులపాలి, ఆపైనే కటకాలు తుడిచే ద్రవం, మైక్రోఫైబర్ గుడ్డ.

బరువు 600 నుంచి 800 గ్రాములు. మెడ పట్టీతో గంట తిరిగితే మెడ పట్టేస్తుంది. భుజాల మీదుగా వేసుకునే పట్టీ విడిగా కొనుక్కోండి. బైనాక్యులర్‌తో సూర్యుణ్ణి ఎప్పుడూ చూడొద్దు, ఎండ పడే కిటికీ గట్టు మీద మూతలు లేకుండా వదలొద్దు. కటకం ఎండను ఒకచోటికి పోగేస్తే పక్కనున్న కాగితం కాలే ప్రమాదముంది.