నాలుగో తెర మీద డ్రాఫ్ట్: హన్మకొండలోని ఒక గేమింగ్ సెంటర్‌పై సమీక్ష

హన్మకొండ నయీంనగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుకు మెట్లెక్కి పైకి వెళితే కనిపించే చిన్న గేమింగ్ సెంటర్‌కు నేను ఆరు నెలలుగా ప్రతి ఆదివారం ఉదయం వెళ్తున్నాను. అక్కడ నాలుగు ప్లేస్టేషన్లు, రెండు పాత సోఫాలు ఉన్నాయి. గంటకు నూరు రూపాయలు తీసుకుంటారు. మూడు తెరల మీద ఎప్పుడు చూసినా క్రికెట్ లేదా సాకర్ నడుస్తుంది. నాలుగో దాని మీద మాత్రం అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మ్యాడెన్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఉంటుంది, దానిని అడిగేవారు మా నలుగురైదుగురు తప్ప ఎవరూ లేరు. ఈ సమీక్ష ఆ నాలుగో తెర గురించే.

ఆ ఆటలో ఫ్రాంచైజ్ విధానం ఎంచుకుంటే జట్టును ఏళ్ల తరబడి మనమే నడపవచ్చు, ప్రతి సీజన్ తర్వాత డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతిలో, కొత్తవారిని తీసుకోవచ్చు. ఎన్‌ఐటీలో చదివే ఒక తమ్ముడికీ నాకూ మధ్య వాదన అక్కడే మొదలైంది. పాసులు విసిరే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే పాస్ రషర్‌ను ముందు తీసుకోవాలని నేనన్నాను; పాస్ అందుకోవడానికి పరుగెత్తే రిసీవర్‌ను వెన్నంటి కాచే కార్నర్‌బ్యాక్ ముందని అతనన్నాడు. ఎవరి జట్టును వారు ఎవరి నమ్మకం ప్రకారం వారు కట్టుకుని, మూడు సీజన్లు ఆడాం.

నా వాదన సులభమైనది. కార్నర్ ఎంత మేటి అయినా బంతిని అతని వైపు విసరకుండా రెండో వైపు విసరవచ్చు. రషర్ నుంచి అలా తప్పించుకోవడానికి వీలులేదు, ఎందుకంటే బంతి ఎటు పోవలసి ఉన్నా అది క్వార్టర్‌బ్యాక్ చేతిలో నుంచే పోవాలి, అతనికి దొరికే సమయం రెండున్నర, మూడు సెకన్లకు మించదు. మొదటి సీజన్‌లో ఇది అక్షరాలా నిజమైంది. రెండో సీజన్‌లో ఆ తమ్ముడు స్నాప్ అందిన వెంటనే, అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి రాగానే, పొట్టి పాసులు విసరడం నేర్చుకున్నాడు. నా రషర్ అతని దగ్గరికి చేరేలోపే బంతి వెళ్లిపోయేది, అదీ అంతంతమాత్రంగా ఆడే నా రెండో కార్నర్ కాచే వైపుకే. "అన్నా, ఆ మూలకు మనిషే లేనట్టున్నది, ఊకె అటే ఏస్త" అని నవ్వుతూనే బంతిని నా చివరి గీత దాటించి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు.

అక్కడ నాకు అర్థమైనదేమిటంటే, రషర్ల విషయంలో ఒక్క మేటివాడు జట్టు మొత్తానికి పనికొస్తాడు, కాపలా విషయంలో మాత్రం జట్టు బలం అందరికంటే బలహీనుడి దగ్గరే ఆగిపోతుంది. కబడ్డీ చూసేవారికి ఇది కొత్త కాదు. 2023 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు రైడర్ పవన్ సెహ్రావత్ ఒక్కరికే 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి, ఆ సీజన్ పట్టికలో అట్టడుగున నిలిచింది. గొలుసులో ఒక చేయి వదులైతే ఎంత పెద్ద రైడరైనా ఆ లోటు పూడ్చలేడు.

అయినా మొదటి ఎంపిక రషరే కావాలని ఇప్పటికీ అంటాను, అందుకు కారణం డబ్బు. అమెరికాలోని ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ జరిపే నిజమైన డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాడి జీతం అతడు ఆడే స్థానాన్ని బట్టి కాక, ఎన్నో ఎంపికగా వచ్చాడన్నదాన్ని బట్టి ఉంటుంది. 2025 మార్చిలో రషర్ మైల్స్ గ్యారెట్ ఏడాదికి సగటున 4 కోట్ల డాలర్లకు, కార్నర్ డెరెక్ స్టింగ్లీ 3 కోట్ల డాలర్లకు కొత్త ఒప్పందాలు చేసుకున్నారు. అంటే తర్వాత అంత ఖరీదయ్యే రషర్‌ను డ్రాఫ్ట్‌లో తక్కువ జీతానికే పట్టుకున్న జట్టుకు మిగిలేది ఎక్కువ. 2022 డ్రాఫ్ట్‌లో మొదటి రెండు స్థానాల్లో ట్రావాన్ వాకర్, ఏడన్ హచిన్‌సన్ అనే రషర్లు పోయాక, మూడు, నాలుగు స్థానాల్లో స్టింగ్లీ, సాస్ గార్డ్‌నర్ అనే కార్నర్లు వెళ్లారు. ఆ ఏడాది ఉత్తమ కొత్త డిఫెన్స్ ఆటగాడి పురస్కారం గార్డ్‌నర్‌కే దక్కిందని ఆ తమ్ముడు ప్రతివారం గుర్తు చేస్తాడు, కాదనలేను.

ఇక సేవల సంగతి. కంట్రోలర్లు బాగున్నాయి, యజమాని మర్యాదస్థుడు, కింది నుంచి చాయ్ కూడా తెప్పిస్తాడు. కానీ సేవ్ చేసిన ఆటలకు ఎవరి ఖాతా వారికి విడిగా లేకపోవడం పెద్ద లోపం. మా మూడో సీజన్ చివరి వారాలను ఎవరో పిల్లలు తెలియక చెరిపేయడంతో ఆ సీజన్ విజేత ఎవరో తేలనే లేదు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఫ్యాన్లకే తప్ప తెరలకు లేదు. సాయంత్రాలు గోల ఎక్కువ కాబట్టి ఈ ఆట ఆడదలచినవారు ఉదయం పదింటికల్లా వెళ్లడం మంచిది. అయిదు నక్షత్రాలకు మూడున్నర ఇస్తున్నాను. విడి ఖాతాలు పెడితే నాలుగు ఇస్తాను. యజమాని వచ్చే నెల పెడతానన్నాడు. అప్పటివరకు మా కొత్త ఫ్రాంచైజ్‌ను ఇంటి నుంచి తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటున్నాం. అందులో నాది ఆరో ఎంపిక, ఈసారి కూడా రషరే.