ప్లెయింటు నుంచి ఈపీ దాకా: ఒక సీపీసీ ఆన్‌లైన్ కోర్సుపై నా సమీక్ష

లా చదివిన రోజుల్లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన సబ్జెక్టు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ), అంటే సివిల్ దావాలు ఎలా నడవాలో చెప్పే చట్టం. 1908 నాటి ఆ చట్టంలో 158 సెక్షన్లు ఒక ఎత్తయితే, మొదటి షెడ్యూలులోని 51 ఆర్డర్లు, వాటి కింది రూల్సు మరొక ఎత్తు. పైగా ఒకే విషయం కొంత సెక్షన్‌లో, కొంత ఆర్డర్‌లో ఉంటుంది కాబట్టి, రెండింటినీ కలిపి చదవడం ఎవరైనా నేర్పితే తప్ప ఎంత చదివినా తల్లో నిలవదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు సిద్ధమవుతూ ఈ మధ్య ఒక ఆన్‌లైన్ కోర్సు పూర్తిగా విన్నాను. లోపాలు కూడా చెప్పవలసి ఉంది గనుక పేరు రాయడం లేదు.

ఈ కోర్సులో నాకు బాగా నచ్చినది బోధనకు ఎంచుకున్న దారి. సెక్షన్ 1తో మొదలుపెట్టి వరుసగా చదువుకుంటూ పోకుండా, ప్రాంసరీ నోటు మీద బాకీ రాబట్టుకోవడానికి వేసిన ఒక నమూనా దావాను తీసుకుని, ఆ కట్ట ఎటు కదిలితే పాఠం కూడా అటే కదిలింది. రెండో పాఠంలోనే ప్లెయింటును, అంటే వాది కోర్టులో వేసే దావా పత్రాన్ని, తెర మీద పెట్టి, అందులో లోపం ఏమిటో చెప్పమన్నారు. నోటు తేదీ, వడ్డీ లెక్క, లాయరు నోటీసు సంగతి, కోర్టు ఫీజు పేరా అన్నీ ఉన్నాయి. లావాదేవీ ఎక్కడ జరిగిందో, ప్రతివాది ఎక్కడ ఉంటాడో మాత్రం లేదు. ఆర్డర్ 7 రూల్ 1 ప్రకారం కోర్టుకు అధికార పరిధి ఉందని చూపే సంగతులు ప్లెయింటులో రాయాలని, అవి ఏమిటో తెలియాలంటే సెక్షన్ 20 తెరవాలని అక్కడ వివరించారు. ఆ రెండూ ఎందుకు కలిపి చదవాలో నాకు మొదటిసారి స్పష్టంగా అర్థమైంది.

ఎక్స్‌పార్టీ (ప్రతివాది రాకపోతే అతను లేకుండానే విచారణ సాగించడం) మీద చెప్పిన పాఠం అన్నిటికన్నా మిన్న. ప్రతివాదిని ఎక్స్‌పార్టీగా ప్రకటించడం వేరు, ఎక్స్‌పార్టీ డిక్రీ (దావాను తేల్చే కోర్టు నిర్ణయం) ఇవ్వడం వేరు. మొదటి దశలో ఉన్నవారు ఆర్డర్ 9 రూల్ 7 కింద, డిక్రీ వచ్చేసినవారు దాన్ని రద్దు చేయమని రూల్ 13 కింద పిటిషన్ వేసుకోవాలి. ఈ తేడా చెప్పి ఊరుకోకుండా, 1955లో సుప్రీంకోర్టు సంగ్రామ్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పును విడమరచి చెప్పారు: ఒక వాయిదాకు రానంత మాత్రాన ఆ ప్రతివాది తర్వాతి వాయిదాల్లో పాల్గొనే హక్కు పోగొట్టుకోడు, జరిగిపోయిన విచారణను వెనక్కి తిప్పించుకోవాలంటేనే రూల్ 7 కింద తగిన కారణం చూపాలి. రూల్ 13 పిటిషన్‌కు గడువు 30 రోజులని, సమన్లు సరిగా అందని సందర్భంలో ఆ 30 రోజులను డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి లెక్కిస్తారని గడువులు చెప్పే లిమిటేషన్ చట్టాన్ని కూడా జోడించడం పరీక్షకే కాదు, రేపు ప్రాక్టీసుకు కూడా పనికొస్తుంది.

రిటన్ స్టేట్‌మెంట్ (ప్లెయింటుకు ప్రతివాది రాసి ఇచ్చే జవాబు) పాఠాన్ని మాత్రం సరిచేసుకోవలసిన అవసరం ఉంది. 30 రోజులు, గరిష్ఠంగా 90 రోజులు అని చెప్పి, 2005 నాటి తీర్పులను బట్టి ఆ గడువు తప్పనిసరి కాదని ముగించారు. వాణిజ్య వివాదాల్లో 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుందని, అక్కడ కోర్టుకు మినహాయించే వీలు లేదని ఎక్కడా చెప్పలేదు. ఈ ఒక్క పాఠాన్ని నమ్ముకున్న విద్యార్థి పరీక్షలో తప్పు రాస్తాడు.

నా అసలు అసంతృప్తి డిక్రీని అమలు చేయించుకోవడం గురించి చెప్పే ఆర్డర్ 21 విషయంలో. 106 రూల్సు ఉన్న ఆ ఆర్డర్‌ను రెండు పాఠాల్లో ముగించారు. అంతవరకు అంత ఓపికగా నడిపించిన నమూనా దావా డిక్రీ దగ్గరే ఆగిపోయింది. డిక్రీ చేతికి వచ్చాకే కక్షిదారుడి కష్టాలు మొదలవుతాయని బ్రిటిష్ పాలనలో మనకు చివరి అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ కాలం నుంచీ వింటున్నాం. ఈపీ (డిక్రీ అమలు కోసం వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేశాక ఏమి జరుగుతుందో తెలియని చదువు సగం చదువే. జీతం జప్తు చేయాలంటే సెక్షన్ 60 ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు మినహాయించాలి. బాకీ తీర్చే స్తోమత నిజంగా లేనివాణ్ణి జైలుకు పంపకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్థిరాస్తిని వేలంలో కొన్నవారు 25 శాతం వెంటనే, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. ఇవన్నీ ఆ ప్రాంసరీ నోటు దావాలోనే చక్కగా ఇమిడేవి. వాటికి మరో ఐదారు పాఠాలు కేటాయించి ఉంటే బాగుండేది.

అప్పీళ్ల భాగం పరవాలేదు. వివరణ తెలుగులో ఉండి, కోర్టులో వాడే మాటలను అలాగే ఉంచడం మంచి నిర్ణయం. నోట్సు మాత్రం బేర్ యాక్టుకు (వివరణ లేని చట్టం పుస్తకానికి) నకలులా ఉంది.

సీపీసీని మొదటిసారి చదివేవారికి, ఇదివరకు చదివినా పట్టు దొరకనివారికి ఈ కోర్సును నిస్సంకోచంగా సూచిస్తాను. మెయిన్స్ రాసేవారు మాత్రం ఆర్డర్ 21ను బేర్ యాక్టు ముందు పెట్టుకుని సొంతంగా చదువుకోవాలి. నేను ప్రస్తుతం ఆ పనిలోనే, రూల్ 58 దగ్గర ఉన్నాను.