డన్నబ్రిడ్జ్ పౌండ్: టికెట్ లేని బందెలదొడ్డి

మ్యాప్‌లో పేరు చూడగానే మా ఆయన పర్సు తడుముకున్నారు. "ఆ పౌండ్ కాదండీ, బందెలదొడ్డి" అన్నాను. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో, డార్ట్‌మూర్ బీళ్ల మధ్య, టూ బ్రిడ్జెస్ నుంచి డార్ట్‌మీట్ వెళ్లే రోడ్డు పక్కనే ఉంది. పైసా కట్టక్కర్లేదు.

ఏముంది అంటే, చుట్టూ రాతిగోడ, లోపల గడ్డి. పది నిమిషాల్లో చూసెయ్యొచ్చు. కానీ ఆ గోడ దగ్గర కాసేపు ఆగండి. సున్నం లేదు, సిమెంటు లేదు, గ్రానైట్ రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చారంతే. ఒక రాయిని భుజంతో నెట్టి చూశాను, కదిలితే ఒట్టు. నా కోటుకి మాత్రం నాచు అంటింది.

బీడు మీద తిరిగే గుర్రాల్ని, పశువుల్ని ఉన్నట్టుండి చుట్టుముట్టి ఇక్కడికి తోలుకొచ్చేవారు. దాన్ని డ్రిఫ్ట్ అంటారు. ఏ రోజో ముందుగా చెప్పేవారు కాదు. చెబితే మేపే హక్కు లేనివాళ్లు ముందురోజే తోలేసుకుపోతారు కదా! దొరికిపోతే జరిమానా కట్టి విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే ఆ పశువు ఈ బీళ్ల సొంతదారైన డచీ ఆఫ్ కార్న్‌వాల్‌కి, అంటే యువరాజుగారి ఎస్టేట్‌కి పోయేది.

గేటు లోపల 'జడ్జిగారి కుర్చీ' ఉంది. అటూ ఇటూ నిలువు బండలు, పైన కప్పులా ఒక పెద్ద పలక. తగరం గనులవాళ్ల పార్లమెంటు 1494లో క్రాకర్న్ టార్ అనే రాతిగుట్ట మీద సమావేశమైంది, అక్కడి కుర్చీనే ఇక్కడికి తెచ్చారని చెప్పుకుంటారు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు. అంత బరువు మోసుకొచ్చి గొడ్ల మధ్య పడేస్తారా? కూర్చుంటే చల్లదనం నడుము దాకా పాకింది. ఇంతలో వాన. కప్పు కింద ఒక్కరికే చోటు. ఆయన తడుస్తుంటే నేను తీర్పు చెప్పేదానిలా కూర్చుని చూశాను.

టాయిలెట్ లేదు, డార్ట్‌మీట్ దాకా ఓపిక పట్టాలి. మంచి చెప్పులు వేసుకెళ్లకండి, బురదా పేడా కలిసిపోయి ఉంటాయి. గేటు మూసి ఉంటే మళ్లీ మూసి రండి. 5కి 4 ఇస్తున్నాను. ఆ తగ్గిన ఒకటీ నా బూట్ల తాలూకు.